బకుచియాల్ సీరం: గర్భిణులకు నిజంగా సేఫేనా?

సీతాకోకచిలుక: నాకిప్పుడు ఐదో నెల. మొహం మీద మచ్చలకు రాసుకునే రెటినాల్ (విటమిన్ ఎ రకం) సీరం మానేయమన్నారు డాక్టరమ్మ. షాపుకెళ్తే అక్కడి అమ్మాయి దాని బదులు వాడే బకుచియాల్ సీసా చేతిలో పెట్టి, "మొక్క నుంచి తీసింది మేడమ్, కడుపుతో ఉన్నా వాడొచ్చు" అంది. కొన్నాను గానీ టెన్షన్‌గా ఉంది. ఎవరైనా వాడారా?

పసుపుకొమ్ము: ఆరు నెలలుగా వాడుతున్నానండీ. రెటినాల్‌తో మొహం మండి, పొట్టు లేచేది. దీంతో ఆ బాధే లేదు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చింది కదా, ముడతలు, మచ్చలు తగ్గించడంలో రెండూ సమానమని. భయమెందుకు?

మందారం: ఆ పరీక్షలో ఉన్నది 44 మంది, 12 వారాలు. బకుచియాల్ 0.5 శాతం రోజుకు రెండుసార్లు రాశారు, రెటినాల్ అదే శాతం ఒక్కసారి. మంట, పొట్టు తక్కువన్న మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అది గర్భిణుల మీద చేసిన పరీక్ష కాదు. వాళ్ల మీద ఎవరూ చూడనిదాన్ని సేఫ్ అని ఎలా చెప్పి అమ్ముతారు? నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో సంగతి. ఈ బకుచియాల్‌ని తీసేది బావంచాల గింజల నుంచే. మా అమ్మమ్మ ఊళ్లో బొల్లి మచ్చకు బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టేవారు. మా పిన్నికి అలాగే రాస్తే సాయంత్రానికల్లా మోచేతి మీద చింతగింజంత బొబ్బలు లేచాయి. ఆ గింజల్లో సోరలెన్ ఉంటుంది, ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. శుద్ధి చేసిన బకుచియాల్‌లో దాన్ని తీసేస్తారు. ఉత్త నూనెలో అలాగే ఉంటుంది. సీసా వెనక "సోరాలియా కోరిలిఫోలియా సీడ్ ఆయిల్" అని ఉంటే అది బావంచాల నూనె, ముందు ఏం రాసినా సరే.

పసుపుకొమ్ము: ఇప్పుడే చూశాను. నా సీసా మీద బకుచియాల్ అనే ఉంది. శాతం మాత్రం ఎక్కడా వేయలేదు.

మందారం: అయితే ఆ 0.5 శాతం ఫలితం మీ సీసాకు వర్తిస్తుందో లేదో చెప్పలేమండీ. మీకు పడింది, సంతోషం. కడుపుతో ఉన్నామెకు మాత్రం ఆ ధైర్యంతో చెప్పకండి.

సీతాకోకచిలుక: నా సీసా వెనక మీరన్న ఆ నూనె పేరే ఉందక్కా! మూత కూడా తీయలేదు, రేపే తిరిగి ఇచ్చేస్తాను. మరి ఈ నల్ల మచ్చలకు ఏం చేయను?

మందారం: సన్‌స్క్రీన్ మానకమ్మా. అజెలాయిక్ యాసిడ్ కడుపుతో ఉన్నవాళ్లకు డాక్టర్లు రాస్తుంటారు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు అడుగు.