స్థానిక జంతువులు, మొక్కలపై పాఠశాల చిత్రలేఖన పోటీ: దేన్ని స్థానికం అనాలి, చిత్రాన్ని ఎలా కొలవాలి?

ప్రశ్న: డ్రాయింగు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాను. నిరుడు ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు ‘మన స్థానిక జంతువులు, మొక్కలు’ అనే అంశంపై పోటీ పెట్టాము. వచ్చిన చిత్రాలను గోడకు వరుసగా అతికించి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంశం అంత స్పష్టంగా రాసి ఇచ్చినా పెంగ్విన్లు, కంగారూలు, జిరాఫీలు బారులు తీరాయి. మొక్కల విభాగంలో సగానికి సగం పొద్దుతిరుగుడు పూలే. ఉన్నవాటిలో విరగబూసిన తురాయి చెట్టును గీసిన ఒక అమ్మాయి చిత్రం నిజంగా బాగుండడంతో దానికి మొదటి బహుమతి ఇచ్చాము. బహుమతులు పంచిన తరువాత ఒక విద్యార్థి తండ్రి నా దగ్గరకు వచ్చి, తురాయి మడగాస్కర్ ద్వీపానికి చెందిన చెట్టు కదా, స్థానిక మొక్కల పోటీలో దానికి బహుమతి ఎలా ఇచ్చారని మర్యాదగానే అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఈ సంవత్సరం నియమావళిని ముందే పకడ్బందీగా తయారు చేద్దామని కూర్చున్నాను కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. స్థానికం అన్న మాటకు పిల్లలకు అర్థమయ్యే హద్దు ఏది? ఎన్ని తరాలుగా ఉంటే ఒక మొక్క మనదవుతుంది? ఇక రెండో చిక్కు న్యాయనిర్ణయానిది. ఫోనులో దొరికిన ఛాయాచిత్రాన్ని గీతకు గీత దించిన చిత్రం నునుపుగా, పరిపూర్ణంగా కనిపిస్తుంది. పెరట్లో కూర్చుని పిచ్చుకను చూస్తూ గీసిన చిత్రంలో కాళ్లు వంకరగా ఉంటాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏ కొలబద్దతో కొలవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: జీవశాస్త్ర ఉపాధ్యాయిని

మాస్టారూ, ఆ తండ్రి చెప్పినది నిజమే కానీ, ఆ అమ్మాయి తప్పు కూడా లేదు. పుట్టినప్పటి నుంచి కళ్లెదుట ఉన్న చెట్టు పరాయిదని ఎవరూ చెప్పకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

శాస్త్రం ప్రకారం మనిషి ప్రమేయం లేకుండా ఒక ప్రాంతంలో పుట్టి పెరిగిన, లేదా తనంతట తానుగా అక్కడికి చేరుకున్న జాతిని స్థానిక జాతి అంటారు. ఈ నిర్వచనంలో కీలకం కాలం కాదు, మనిషి చెయ్యి. పశువుల వెంట తిరిగే ఉన్నికొంగ 19వ శతాబ్దం చివరి కాలంలో అట్లాంటిక్ సముద్రాన్ని దాటి దక్షిణ అమెరికాలో స్థిరపడింది. అది తన రెక్కల మీద వెళ్లింది కాబట్టి దాన్ని ఎవరో తెచ్చిపెట్టిన పక్షిగా లెక్కించరు. గోరువంక సంగతి వేరు. దక్షిణాసియాలో అది పూర్తిగా స్థానిక పక్షి. పంటలను తినే పురుగులను అదుపు చేస్తుందని 19వ శతాబ్దంలో దాన్ని ఆస్ట్రేలియాకు తీసుకుపోయి వదిలిపెట్టారు. అక్కడ అది చెట్టు తొర్రలను ఆక్రమించి, వాటిలో గూడు పెట్టుకునే అక్కడి పక్షులకు చోటు లేకుండా చేస్తోంది. అదే ఆస్ట్రేలియా నుంచి మనుషులు నీలగిరి చెట్లను ప్రపంచమంతటా నాటారు. కాబట్టి ‘ఇది స్థానిక జాతేనా’ అని విడిగా అడిగితే ఆ ప్రశ్నకు అర్థం ఉండదు, ‘ఎక్కడ స్థానికం’ అని అడగాలి. పిల్లలకు ముందుగా చెప్పవలసినది ఇదేనని నేను అనుకుంటాను.

ఎన్ని తరాలు అన్న మీ ప్రశ్న నిజంగా కఠినమైనది. చింతచెట్టు మూలం ఉష్ణమండల ఆఫ్రికా. అరబ్బులు దాని పండును భారతదేశపు ఖర్జూరమనే అర్థంలో ‘తమర్ హిందీ’ అన్నారు, స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ‘ఇండికా’ అనే చేర్చాడు. పేరులోనే ఊరు మారిపోయేంత పాత వలస అది. యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు ఈ చిక్కును విప్పుకోవడానికి ఒక గీత గీసుకున్నారు: కొలంబస్ అమెరికా చేరిన 1492 ప్రాంతానికి ముందే మనిషి వెంట వచ్చిన మొక్కలను పాత వలస మొక్కలని, ఆ తరువాత వచ్చినవాటిని కొత్త వలస మొక్కలని రెండుగా విడదీశారు. మీరు కూడా అటువంటి గీత ఒకటి గీసుకుని, చింత వంటి పాత వలసలను అనుమతిస్తూ ఆ విషయాన్ని నియమావళిలో రాసేయండి. గీత ఎక్కడ గీశారన్నది అంత ముఖ్యం కాదు, పోటీకి ముందే గీయడం ముఖ్యం.

ఒక్క హెచ్చరిక. అనుమతించిన జాతుల జాబితా మాత్రం ఇవ్వకండి. జాబితా ఇస్తే పిల్లలందరూ అందులోంచి నెమలినే ఎంచుకుంటారు. దానికి బదులు, మనవేనని పిల్లలు పొరబడే పరాయి మొక్కల జాబితా ఇవ్వండి. పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికాది, బంతి మెక్సికో ప్రాంతానిది, కాగితపు పూల తీగ, చెరువులను కప్పేసే గుర్రపుడెక్క దక్షిణ అమెరికావి, వయ్యారిభామ, లాంటానా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఈ జాబితా చదివిన పిల్లవాడు బడికి నడిచే దారిలో ఒక్కొక్క మొక్క దగ్గర ఆగి, ఇది ఎక్కడిది అని అడగడం మొదలుపెడతాడు.

సమాధానం: చిత్రకారుడు, కొన్ని పోటీలకు న్యాయనిర్ణేత

రెండో ప్రశ్నకు నాకు తోచినది రాస్తాను. దించిన చిత్రానికీ చూసి గీసిన చిత్రానికీ తేడా కనిపెట్టడం మీరనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే దించినవాడు ఎదుటి చిత్రంలోని తప్పును కూడా దించుతాడు. దీనికి చరిత్రలో పేరుమోసిన ఉదాహరణ ఉంది. 1515లో భారతదేశం నుంచి ఒక ఖడ్గమృగం ఓడలో లిస్బన్ చేరింది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని ఎన్నడూ చూడలేదు. ఎవరో పంపిన వర్ణననూ ఒక చిన్న రేఖాచిత్రాన్నీ ఆధారం చేసుకుని చెక్కముద్ర తయారు చేశాడు. ఒంటి మీది ముడతలు యోధుడి కవచపు రేకుల్లాగా వచ్చాయి, కాళ్లకు పొలుసులు వచ్చాయి, మెడ వెనుక అసలు లేని చిన్న కొమ్ము ఒకటి మొలిచింది. ఆ చిత్రం ఎంత అందంగా ఉందంటే, తరువాత రెండు శతాబ్దాలకు పైగా యూరప్‌లో చాలామంది ఆ లేని కొమ్మును కూడా భక్తిగా దించుతూ వచ్చారు. డ్యూరర్ అంతటివాడికే చూడకుండా గీస్తే అలా జరిగినప్పుడు మన ఏడో తరగతి పిల్లవాణ్ని ఏమనగలం?

అందుకని నేను మార్కుల్లో సగం వరకు పరిశీలనకే కేటాయిస్తాను. పరిశీలన అంటే అచ్చంగా ఉండడం కాదు, చూస్తే తప్ప తెలియని విషయం ఒకటైనా చిత్రంలో ఉండడం. సీతాకోకచిలుకకు ఆరు కాళ్లు గీసి, ఆ ఆరూ పొట్ట నుంచి కాకుండా మధ్యనున్న రొమ్ము భాగం నుంచి వచ్చినట్లు చూపిన పిల్లవాడు చూశాడన్నమాట. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా అన్నది ఛాయాచిత్రం చూసి గీసేవారికి తట్టనే తట్టదు. నెమలి పింఛం నిజానికి తోక కాదు, తోక మొదట్లో పైన పెరిగే పొడవాటి ఈకలు; అసలు తోక దాని వెనుక పొట్టిగా, గోధుమ రంగులో ఉండి పింఛాన్ని నిలబెడుతుంది. పురి విప్పిన నెమలిని వెనుక నుంచి గీసిన పిల్లవాడు ఇంతవరకు నాకు ఒక్కడూ కనబడలేదు. కనబడిన రోజున మరో మాట లేకుండా బహుమతి రాసేస్తాను.

ఇంకొక సూచన కూడా ఉంది. ఒక్క ప్రాణిని విడిగా గీయమనకుండా జంటను గీయమనండి: ఒక జంతువు, దానికి ఆధారమైన ఒక మొక్క. ఇది నా సొంత ఆలోచన కాదు. మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి 1699లో దక్షిణ అమెరికాలోని సురినాం వెళ్లి, ప్రతి పురుగునూ గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కల పురుగు దశలన్నిటితో సహా అది తినే మొక్క మీదనే గీసి, 1705లో పుస్తకంగా ప్రచురించింది. జిల్లేడు మొక్క దగ్గర పది నిమిషాలు కూర్చుంటే మన పిల్లలకూ ఆ అవకాశం ఉంటుంది. నారింజ రంగు రెక్కల అంచున నలుపు తెలుపు మచ్చలున్న సీతాకోకచిలుక జిల్లేడు జాతి మొక్కల మీదనే గుడ్లు పెడుతుంది; దాని గొంగళిపురుగు ఆ విషపు పాలున్న ఆకులనే తిని, పక్షులకు రుచించకుండా తయారవుతుంది. జంట నియమం పెడితే పెంగ్విన్ల బెడద దానంతట అదే పోతుంది, ఎందుకంటే పెంగ్విన్‌ పక్కన ఏ మొక్కను గీయాలో తెలియక పిల్లవాడు పెరట్లోకి వస్తాడు.

సమాధానం: ఒక విద్యార్థి తల్లి

పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ, తల్లిగా నా అనుభవం కొంచెం వేరు. పరిశీలనకు మార్కులు ఇవ్వాలంటే న్యాయనిర్ణేత కూడా పరిశీలించి ఉండాలి. ఒకసారి మా అబ్బాయి ఒక పోటీకి గోడ మీది బల్లిని గీశాడు. దాని తోక సగం వరకు మచ్చలతో, మిగిలిన సగం ఏ మచ్చా లేకుండా నున్నగా, కాస్త లావుగా వేశాడు. వాడు ఆ బల్లిని నెల రోజులుగా చూస్తున్నాడు. తోక తెగి మళ్లీ పెరిగిన బల్లి అది, కొత్తగా పెరిగిన తోకకు పాతదాని మచ్చలు రావు, లోపల వెన్నుపూసలకు బదులు మృదులాస్థి ఉంటుంది. న్యాయనిర్ణేత మాత్రం ‘తోకకు రంగు వేయడం పూర్తి కాలేదు’ అని కాగితం వెనుక రాసి పంపించారు. వాడు దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. అందుచేత చిత్రంతో పాటు పిల్లలు దాన్ని ఎక్కడ, ఎప్పుడు చూశారో, ఏం గమనించారో నాలుగైదు వాక్యాలు రాసి ఇవ్వాలని, న్యాయనిర్ణేతలు ఆ వాక్యాలు చదివిన తరువాతే మార్కులు వేయాలని నియమం పెట్టండి.

అలాగే, నాలుగు మాటలు మాలాంటి తల్లిదండ్రుల గురించి కూడా చెప్పాలి. చిత్రాన్ని ఇంటి నుంచి గీసి తెమ్మంటే సగం చిత్రాలకు మేమే రంగులు వేస్తాము. ఇది సిగ్గుపడవలసిన విషయమే, అయినా నిజం. వారం రోజుల పాటు పిల్లలు తమ నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకున్న చిత్తుగీతలను తీసుకుని బడికి రావాలి, అసలు చిత్రం మాత్రం బడిలోనే, మీ కళ్లెదుటే గీయాలి. చిత్తుగీతలను కూడా చిత్రంతో పాటు గోడ మీద పెట్టండి.

జీవశాస్త్ర ఉపాధ్యాయిని గారితో ఒక్క విషయంలో ఏకీభవించలేను. చిన్న తరగతుల పిల్లలకు పరాయి మొక్కల జాబితా చేతికిస్తే, ఇంటి ముందు తాము నీళ్లు పోసి పెంచుతున్న బంతిమొక్క చెడ్డదని అనుకుంటారు. గుర్రపుడెక్కను, బంతిని ఒకే గాట కట్టడం సరికాదు. ఒకటి చెరువును చంపుతుంది, రెండోది నాటిన చోట ఉంటుంది. ఆ జాబితాను ఎనిమిదో తరగతి పైవారికి మాత్రమే ఇస్తే మంచిది.

సమాధానం: విశ్రాంత అటవీ ఉద్యోగి

చర్చలో రాని విషయం ఒక్కటి చేర్చి విరమిస్తాను. పోటీ ప్రకటించిన మరునాడు పిల్లలు గూళ్లు వెతుక్కుంటూ బయలుదేరతారు. గిజిగాడు గూడును దగ్గరగా చూద్దామని కొమ్మను వంచితే తల్లిపక్షి గుడ్లను వదిలేసి పోయే ప్రమాదం ఉంటుంది. గూళ్లను దూరం నుంచే గీయాలని, పూలను, కొమ్మలను తెంపకూడదని, పురుగులను సీసాల్లో పెట్టి తీసుకురాకూడదని నియమావళిలో మొదటే రాయండి. దూరం నుంచి చూస్తే నష్టమేమీ లేదు. గూడు అల్లేది మగ గిజిగాడని, సంతానోత్పత్తి కాలంలో పసుపు రంగు తల ఉండేది దానికేనని, సగం అల్లిన గూడును ఆడపక్షి వచ్చి పరీక్షించి నచ్చితేనే ఒప్పుకుంటుందని చెట్టు కింద నిలబడే గమనించవచ్చు.

డ్రాయింగు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. జంట నియమాన్ని, బడిలోనే గీయించడాన్ని, చిత్రంతో పాటు ఇచ్చే వాక్యాలను, గూళ్ల జోలికి పోకూడదన్న నిబంధనను నియమావళిలో చేర్చాను. పరాయి మొక్కల జాబితా విషయంలో అమ్మగారి మాటే మన్నించి పై తరగతులకు మాత్రమే ఇస్తున్నాము. చింతచెట్టుపై ఉపాధ్యాయుల గదిలో ఒక పూట వాదన జరిగి, చివరికి దాన్ని అనుమతించాము. నిరుడు తురాయి గీసిన అమ్మాయికి జరిగినదంతా వివరించాను. ఆ బహుమతిని వెనక్కు తీసుకోబోమని చెప్పాక ఊపిరి పీల్చుకుని, ఈసారి మేడిచెట్టు గీస్తానంది. అయితే దానికి పూలు ఎక్కడ గీయాలని అడిగితే నాకు తెలియలేదు. జీవశాస్త్ర ఉపాధ్యాయిని గారు చెప్పగలరా?

జీవశాస్త్ర ఉపాధ్యాయిని

తప్పకుండా, మాస్టారూ. మేడిచెట్టుకు పూలు బయట కనిపించవు, కాయ లోపలే ఉంటాయి. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని అందరూ వినే ఉంటారు. ఆ పురుగులే దాని పూలకు పరాగసంపర్కం చేసే అతి చిన్న కందిరీగలు. ఆడ కందిరీగ కాయ కొనలో ఉన్న సన్నని రంధ్రంలోంచి దూరి, ఆ దూరడంలో సాధారణంగా రెక్కలు పోగొట్టుకుని, లోపల పూలకు పుప్పొడి అంటించి, కొన్నిటిలో గుడ్లు పెడుతుంది. చెట్టు కింద రాలిన కాయను ఒకదాన్ని నిలువుగా కోసి భూతద్దంతో చూడమనండి, లోపలి గోడ అంతా కిక్కిరిసిన పూలే కనిపిస్తాయి. చెట్టును ఒక పక్కన, కోసిన కాయను మరో పక్కన పెద్దదిగా గీస్తే సరిపోతుంది. కాయలను మాత్రం కొమ్మల చివర గీయవద్దనండి. అవి కాండానికీ లావుపాటి కొమ్మలకూ అంటిపెట్టుకుని గుత్తులు గుత్తులుగా కాస్తాయి. ఆ కాయలో కందిరీగ కూడా కనిపిస్తే మీ జంట నియమం ఆ ఒక్క కాయతోనే నెరవేరుతుంది.