పీహెచ్‌డీ రిఫరెన్సులు దేంట్ల పెడుతున్నరు?

తార్నాక స్కాలర్: అన్నలూ అక్కలూ, ఓయూలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ నాది. పీడీఎఫ్‌లన్నీ డౌన్‌లోడ్స్‌లో పడున్నయ్, రిఫరెన్సులు వర్డ్‌లో చేత్తో కొడుతున్న, మధ్యల ఒకటి ఇరికిస్తే కింద నంబర్లన్నీ మార్చాలె. రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్లల్ల జొటెరోనా మెండలేనా, ఏది మంచిది? నా పేపర్‌ని ఎవరన్నా సైట్ చేస్తే (వాళ్ల పేపర్ల రిఫరెన్స్‌గ ఇస్తే) ఎట్ల తెలుస్తది?

ల్యాబ్ పక్షి: జొటెరో పెట్టుకో తమ్మీ, ఫ్రీ, ఓపెన్ సోర్స్, 2006 నుంచి ఉంది. మెండలే 2013లో ఎల్సెవియర్ అనే జర్నల్స్ పబ్లిషర్ చేతికి పోయింది, నాకైతే అందుకే మనసొప్పలే. బ్రౌజర్‌లో జొటెరో కనెక్టర్ బటన్ నొక్కితే పేపర్ వివరాలు లైబ్రరీలకి వచ్చేస్తయ్, వర్డ్ ప్లగిన్‌తోని పెడితే మధ్యల ఎన్ని ఇరికించినా నంబర్లు అవే సర్దుకుంటయ్, జర్నల్ మారితే స్టైల్ మార్చు, అంతే. క్లౌడ్‌ల ఫ్రీ జాగ 300 ఎంబీయే, నిండితే ఫైల్ సింక్ ఆపేయ్, వివరాలు సింక్ అయితూనే ఉంటయ్.

ఉప్పల్ మేడమ్: సైటేషన్లకి గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ తెరిచి అలర్ట్ పెట్టుకోండి, మెయిల్ వస్తుంది. కానీ మన పేర్లతో పెద్ద తంటా, ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం, ఇంకెవరి పేపర్లో వచ్చి మన ఖాతాలో కూర్చుంటాయి, అప్పుడప్పుడు చూసి తీసేయాలి. ఓర్సిడ్ తీసుకోండి, రీసెర్చ్ చేసేవాళ్లకి ఇచ్చే 16 అంకెల ఐడీ, పేరెలా రాసినా మనిషి ఒకరేనని తెలుస్తుంది. గూగుల్ స్కాలర్ సైటేషన్ల లెక్క స్కోపస్ (ఎల్సెవియర్ వాళ్ల సైటేషన్ డేటాబేస్) కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది, థీసిస్‌లు, ప్రీప్రింట్‌లు (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లు) కూడా కలిపేస్తుంది మరి. సీవీలో సంఖ్య పెడితే అది స్కాలర్ లెక్కో స్కోపస్ లెక్కో కూడా రాయండి.

చాయ్ బిస్కెట్: ఏఐ ఇచ్చిన రిఫరెన్సులు డీఓఐ (ఒక్కో పేపర్‌కి ఉండే ఐడీ) కొట్టి చూడకుండ పెట్టకు బ్రో, లేని పేపర్లు సృష్టిస్తది.

తార్నాక స్కాలర్: థాంక్స్ మేడమ్, అన్నా. ఇప్పటికే చేత్తో కొట్టిన లిస్టు జొటెరోలకి ఎక్కించొచ్చా?

ల్యాబ్ పక్షి: డీఓఐలు ఉంటే మ్యాజిక్ వాండ్ బటన్‌ల పేస్ట్ చెయ్, లాగేస్తది.