విదర్‌స్పూన్ బానిసలు: "ఆ కాలం అంతే" అని వదిలేయొచ్చా?

కృష్ణాతీరం: జాన్ విదర్‌స్పూన్ స్కాట్లండ్ పాస్టరు. 1768లో అమెరికాకు, ప్రిన్స్‌టన్‌లోని న్యూజెర్సీ కాలేజీకి ప్రెసిడెంటుగా వచ్చాడు. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో అప్పటికి పాస్టరుగా ఉన్నవాడు ఈయనొక్కడే. బానిసలను పెట్టుకున్నాడు కాబట్టి అక్కడున్న ఆయన విగ్రహాన్ని తీసేయాలని 2022లో పిటిషన్ పెట్టారు. న్యాయమేనా?

గోదారిగట్టు: తొందరపాటు అంటాను. 1756లో స్కాట్లండ్‌లోని బీత్ ఊళ్లో జేమీ మాంట్‌గోమరీ అనే బానిసకు బాప్తిస్మమిచ్చి, మంచి నడవడి ఉన్నవాడని పత్రం రాసిచ్చింది ఈయనే. 1774లో బ్రిస్టల్ యమ్మా, జాన్ క్వామినో అనే ఇద్దరు ఆఫ్రికన్లకు, మిషనరీలుగా వెళ్లేందుకు, ప్రిన్స్‌టన్‌లో చదువు చెప్పాడు. బలం ఉంది కదా అని స్వేచ్ఛగా ఉన్నవాణ్ణి బానిసను చేయడం అన్యాయమని తరగతిలోనే చెప్పాడు.

తుంగభద్ర: ఆ పాఠంలో తర్వాతి మాట కూడా చెప్పండి గోదారిగట్టు గారూ. అప్పటికే బానిసలైనవాళ్లను వాళ్లకే చేటయ్యేలా విడిపించాల్సిన అవసరం యజమానికి లేదన్నాడు. 1771లో డిగ్రీ అయ్యాక కూడా కొన్నాళ్లు ఈయన దగ్గరే చదువుకున్న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన మాడిసన్‌లాంటి కుర్రాళ్లు వినే పాఠమది. 1794లో ఆయన పోయాక వేసిన ఆస్తుల జాబితాలో ఇద్దరు బానిసలున్నారు, ఒక్కొక్కరి వెల 100 డాలర్లు.

గోదారిగట్టు: ఒక్కసారిగా విడిపిస్తే ఎలా బతుకుతారన్న భయం ఆ రోజుల్లో చాలామందికి ఉండేదండీ.

తుంగభద్ర: అందుకే మెల్లగా విడిపించే దారి ఉంది, అదీ పక్క రాష్ట్రంలోనే. పెన్సిల్వేనియా 1780 చట్టం ఉన్న బానిసలను విడిపించలేదు. చట్టం వచ్చాక పుట్టిన పిల్లలు మాత్రం 28 ఏళ్లు పనివాళ్లుగా ఉండి విడుదలవుతారు. యజమాని నవంబరు 1లోగా తన బానిసలను రిజిస్టరు చేయించకపోతే వాళ్లకూ విడుదలే. లోపం ఏమిటంటే, యజమాని చేతి నుంచి ఒక్క పైసా పోకుండా పిల్లల యవ్వనమంతా పరిహారంగా పోయింది. అయినా బానిసత్వానికి ఒక గడువంటూ ఏర్పడింది. 1790లో న్యూజెర్సీ ఇదే విషయం పరిశీలించడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు విదర్‌స్పూనే. ఉన్న చట్టాలు చాలన్నాడు.

కృష్ణాతీరం: మరి న్యూజెర్సీలో చట్టం ఎప్పుడొచ్చింది?

తుంగభద్ర: 1804లో. ఆ జులై 4 తర్వాత పుట్టిన ఆడపిల్లలకు 21 ఏళ్లకు, మగపిల్లలకు 25 ఏళ్లకు విడుదల. అంతకుముందు పుట్టినవాళ్లకు ఏమీ లేదు. 1860 జనాభా లెక్కల్లో కూడా ఆ రాష్ట్రంలో 18 మంది మిగిలారు. నా అభ్యంతరం ఆయన కాలంతో కాదు, 1790లో అధికారం చేతిలో ఉండి చేయకపోవడంతో.

గోదారిగట్టు: ఆ కమిటీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయినా విగ్రహం ఉండాలి, ఈ 1790 సంగతి దాని పక్కనే పలక మీద రాసి ఉండాలి. తీసేస్తే ఇది అడిగేవాళ్లే ఉండరు.

తుంగభద్ర: పలక పెట్టడానికి విగ్రహమే అక్కర్లేదండీ.