రజాకార్ల నాటి భయం మునిమనవడి ఏడీహెచ్‌డీకి కారణమా? ఫ్యామిలీ హిస్టరీలో ఎట్లా రాయాలి?

దేవరకొండ_కౌన్సెలర్

పిల్లవాడి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) గురించి ఇంటివాళ్లను అడిగితే మాట ముత్తాత దగ్గరికి పోతుంది. నల్లగొండ, సూర్యాపేట దిక్కు "రజాకార్ల భయానికి జొన్నచేలల్ల దాక్కున్నడు, అప్పటిసంది మా ఇంట్ల మొగోళ్లు ఒక్క కాడ నిలవరు" అంటరు. పాలమూరు దిక్కు అదే మాటను కరువు మీద, వలస మీద పెడతరు. ఇంకొందరు "మనది తిరిగే రక్తం, వేటగాళ్ల జీన్" అని వీడియోలు చూపిస్తరు.

యుద్ధకాలపు భయం, ఆకలి మూడు తరాలు దాటి ఏడీహెచ్‌డీగా దిగుతదా? కేసు షీటులో ఈ ముచ్చటను ఏ గడిలో రాయాలి? కొట్టిపారేస్తే పెద్దోళ్లకు కోపం, రాసుకుంటే అదే కారణమని ఇంటికి పోయి చెప్పుకుంటరు.

జన్యువులు_జాతకాలు_కావు

"ఇంట్లో నడుస్తుంది" అనేది నిజం. "ముత్తాత భయం వల్ల వచ్చింది" అనేది వేరే మాట. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడంతోనే చిక్కంతా.

కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీ లక్షణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 74 శాతం జన్యువుల ఖాతాలో పడుతుంది. ఇది జనాభా లెక్క. ఒక పిల్లవాడి ఇబ్బందిలో 74 పాళ్లు తాతదని అర్థం కాదు. ఏడీహెచ్‌డీతో ముడిపడ్డ చోట్లు 2019లో జన్యుపటంలో 12 దొరికాయి, 2023కు అవి 27 అయ్యాయి. ఒక్కోదాని బలం ఆవగింజంత. కాబట్టి ఈ లక్షణం పాకడానికి ఏ యుద్ధమూ అక్కర్లేదు, రజాకార్లు రాకపోయినా పాకేదే.

భయం తరాలు దాటడం గురించి మాట్లాడేటప్పుడు తరాలను సరిగ్గా లెక్కపెట్టాలి. 1948 సెప్టెంబర్‌లో ఐదు నెలలు నిండిన గర్భిణిని తీసుకోండి, కడుపులో ఆడపిల్ల. 20 వారాలకు ఆ పిండం అండాశయాల్లో 60–70 లక్షల అండకణాలు ఉంటాయి. అంటే ఆ రోజు ఆకలి, భయం ముగ్గురికి ఒకేసారి తగిలాయి: తల్లికి, పిండానికి, పాతికేళ్ల తర్వాత మనవడో మనవరాలో కాబోయే అండానికి. మనవడిలో ఏదైనా తేడా కనిపిస్తే అది కూడా నేరుగా తగిలిన దెబ్బే కావచ్చు. వారసత్వం అనాలంటే మునిమనవడి దాకా ఆగాలి. దాక్కున్నది మగమనిషి అయితే లెక్క ఒక తరం ముందుకు వస్తుంది. దెబ్బ అతనికి, అతని వీర్యకణాలకు మాత్రమే తగిలింది కాబట్టి కొడుకును వదిలేసి మనవడి నుంచి చూడాలి.

పైగా జన్యువుల మీద పడి, అవి పనిచేసే తీరును మార్చే రసాయన గుర్తులు చాలావరకు రెండుసార్లు తుడిచిపెట్టుకుపోతాయి: ఫలదీకరణ తర్వాత ఒకసారి, పిండంలో బీజకణాలు తయారయ్యేటప్పుడు ఇంకోసారి. పలక మీద రాతలాగా. కొన్ని గీతలు మిగులుతాయి గానీ, పలకంతా అట్లాగే చేతులు మారుతుందనుకోవడం పొరపాటు.

అందరూ ఉదహరించేది హాలండ్ ఆకలి శీతాకాలం. 1944–45లో జర్మన్ దిగ్బంధంలో రేషన్ రోజుకు 400–800 కేలరీలకు పడిపోయింది. గర్భధారణ సమయంలో ఆ ఆకలి తగిలినవాళ్లలో, 60 ఏళ్ల తర్వాత కూడా ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద రసాయన గుర్తుల్లో తేడా ఉందని 2008లో తేలింది. స్కిజోఫ్రెనియా ముప్పు వాళ్లలో సుమారు రెట్టింపు. అయితే ఇదంతా అప్పుడు కడుపులో ఉన్నవాళ్ల గురించే. మునిమనవడి ఏడీహెచ్‌డీకి దీన్ని రుజువుగా చూపితే ఒప్పుకోకండి.

పద్ధతిగా చేసిన పని ఫిన్లాండ్‌ది. 1941–45 మధ్య సుమారు 49,000 మంది పిల్లలను యుద్ధానికి దూరంగా స్వీడన్‌కు పంపారు. వెళ్లినవాళ్ల పిల్లలను, ఇంట్లోనే ఉండిపోయిన తోబుట్టువుల పిల్లలతో పోల్చి 2018లో ఫలితం ప్రచురించారు. వెళ్లిన తల్లుల కూతుళ్లలో డిప్రెషన్ లాంటి జబ్బులతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువ. కొడుకుల్లో ఆ తేడా లేదు. మన "మొగోళ్లు నిలవరు" కథకు ఇది సరిగ్గా ఎదురు.

ఇంకోటి, ముందు వెనకలు కూడా చూడాలి. నిలకడ లేని, వెనకాముందు చూడని కుర్రాడే ముందు గొడవల్లోకి దూకి ఉండవచ్చు. అప్పుడు అతని స్వభావం ఆ సంఘటనకన్నా ముందుదే.

పాత_ఫైళ్లు

యుద్ధానికీ ఏడీహెచ్‌డీకీ గట్టి సంబంధం ఒకటుంది గానీ అది వంశం గురించి కాదు, వైద్యులు దీన్ని అర్థం చేసుకున్న తీరు గురించి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1917లో వియన్నాలో ఫాన్ ఎకొనొమో నిద్రమత్తు మెదడువాపును వర్ణించాడు. ఆ జబ్బు 1920ల దాకా లోకమంతా తిరిగింది. బతికి బయటపడ్డ పిల్లల్లో చాలామంది కుదురు లేకుండా, ఆపుకోలేని తొందరతో తయారయ్యారు. "మెదడుకు దెబ్బ తగిలితే పిల్లలు ఇట్లా అవుతారు" అనే ఆలోచన బలపడింది అక్కడే. నిజానికి 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ ఇట్లాంటి పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. వాళ్లలో మెదడు దెబ్బ లేనివాళ్లూ ఉన్నారు.

మందు దొరికింది కూడా దారి తప్పే. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ (ఆంఫెటమైన్ అనే ఉత్తేజక మందు) ఇచ్చి చూశాడు. మొదట వాడింది వెన్నునీరు తీసే పరీక్ష తర్వాత వచ్చే తలనొప్పికి. తలనొప్పి సంగతి అటుంచి, 14 మందికి చదువు మీద ధ్యాస కుదిరింది.

దేవరకొండ_కౌన్సెలర్

తరాల లెక్క బాగుంది సార్. కానీ ముసలోళ్లకు పుట్టిన సంవత్సరమే తెలవదు. బడికి పోని మనిషికి 12 ఏళ్ల లోపు లక్షణాలున్నయా అని ఎట్ల అడగాలె?

చార్టు_గీసేటోళ్లు

సంవత్సరం అడగొద్దు, సంఘటన అడగండి. పోలీస్ చర్య నాటికి (1948 సెప్టెంబర్) చంకలో ఉన్నాడా, పశువులు కాసే ఈడా? సాగర్‌కు పునాది వేసిన ఏడు (1955 డిసెంబర్), 69 ఉద్యమం, స్కైలాబ్ పడ్డ ఏడాది (1979 జులై), కొల్లాపూర్, అలంపూర్ వైపు అయితే శ్రీశైలం ముంపు (1981). రెండు గుర్తుల మధ్య మనిషిని నిలబెడితే కొద్ది ఏళ్ల తేడాతో వయసు దొరుకుతుంది. స్కైలాబ్ అనగానే ముసలోళ్లు నవ్వుతరు, నోరు తెరుచుకునేదీ అప్పుడే.

బడి లేని బాల్యానికి బడి ప్రశ్నలు పనికిరావు. ఇట్లా అడగండి: మేకలు కాయబోతే మంద ఒక దిక్కు, ఈయన ఒక దిక్కు ఉండేవాడా? నీళ్లకు పంపితే బిందె బావి కాడనే మర్చి వచ్చేదా? కల్లంలో పని సగంలో వదిలి ఎటో పోయేవాడా? పంచాయితీలో ఎదుటోని మాట ముగియకముందే దూకేవాడా? ఒక్కసారి జరిగింది లెక్కకు రాదు, ఎప్పుడూ అంతేనా అన్నదే ముఖ్యం. ఇప్పుడున్న కొలత ప్రకారం లక్షణాలు రెండు గుంపులు: పరధ్యానం ఒకటి, అతి చురుకు–తొందర ఇంకోటి. పిల్లలకు ఏదో ఒక గుంపులోని 9 లక్షణాల్లో 6, 17 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు 5 కావాలి. ఆరు నెలలకు తగ్గకుండా, రెండు చోట్ల కనపడాలి, కొన్నైనా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. చచ్చిపోయిన ముత్తాతకు రోగనిర్ధారణ చేయలేం. "లక్షణాలు ఉండేవని చెప్పారు" అని మాత్రమే రాయండి.

సంఘటన తర్వాత మొదలైన అదురు, నిద్రలో కేకలు, చప్పుడుకు ఉలిక్కిపడటం వేరే గడి. అది గాయం తాలూకు జబ్బు, ఏడీహెచ్‌డీ కాదు. మీరడిగిన ముచ్చటను "కుటుంబం చెప్పిన కారణం" అని కొటేషన్ గుర్తుల మధ్య వాళ్ల మాటల్లోనే రాయండి. "కారణం" గడి ఖాళీగా ఉంచండి. పెద్దోళ్ల మాటకు చోటు దొరికింది, మీ సంతకం దాని కింద పడలేదు.

ఫిన్లాండ్ కిటుకు మన దగ్గరా వాడొచ్చు. అన్నదమ్ముల్లో ఊళ్లోనే ఉన్నది ఎవరు, సరిహద్దు దాటి బెజవాడ దిక్కు పోయింది ఎవరు? రెండు కొమ్మల్లోనూ నిలకడ లేని పిల్లలుంటే ఆ భయం మీద పెట్టిన కథ బలహీనపడుతుంది. ఒక్క ఇంటితో రుజువు కాదు గానీ, ఇంటివాళ్లకు చూపించి మాట్లాడటానికి పనికొస్తది.

చాలామంది అడగకుండా వదిలేసేది కల్లు. గర్భంలో మత్తు తగిలిన పిల్లల్లో ధ్యాస సమస్యలు రావొచ్చు. తప్పు పట్టినట్టు కాకుండా "అప్పట్ల కల్లు అలవాటేనా అవ్వా" అని అడగండి. పాలమూరులో కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు కొత్త కాదు. కల్లు దొరకని సాయంత్రం మాత్రమే వణికి, ఆగమాగం అయ్యే మనిషిని ఏడీహెచ్‌డీ గడిలో వేయొద్దు. నల్లగొండలో తాగిన నీళ్లు కూడా అడగండి: తల్లి కడుపుతో ఉన్నప్పుడు బోరు నీళ్లా, నల్లా నీళ్లా? 2018లో మెక్సికో సిటీ అధ్యయనంలో గర్భిణి మూత్రంలో ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ పిల్లల్లో పరధ్యానం స్కోరు పెరిగింది. ఆ ఒక్కదాంతో తీర్పు ఇవ్వలేం, అడిగి రాసుకోవచ్చు. నెలలు నిండక పుట్టడం, పుట్టిన బరువు మాత్రం తప్పక రాయాలి.

ముత్తాత కథ వినేలోపు పిల్లవాడి చెవులు, కళ్లు, హిమోగ్లోబిన్, నిద్ర చూపించారా? 5–11 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 లోపు ఉంటే రక్తహీనతే, దాంతోనూ ధ్యాస తగ్గుతది.

జన్యువులు_జాతకాలు_కావు

వేటగాళ్ల జీన్ మాట మిగిలింది. అది మెదడులో డోపమైన్ సంకేతాలకు సంబంధించిన డీఆర్‌డీ4 జన్యువులో ఒక రూపం. 2008లో కెన్యాలో పశువులు మేపుకునే ఆరియాల్ జనంలో చూస్తే, సంచారంలో ఉన్నవాళ్లలో ఆ రూపం ఉన్న మగవాళ్లు మంచి ఒంటితో ఉన్నారు, స్థిరపడ్డవాళ్లలో బక్కగా ఉన్నారు. ఆసక్తికరమే. కానీ 2020లో యూరప్ పాత ఎముకల డీఎన్ఏ చూస్తే, ఏడీహెచ్‌డీ వైపు మొగ్గే రూపాలు పాతరాతి యుగం నుంచే తగ్గుతూ వస్తున్నాయి. వ్యవసాయం మొదలయ్యాకే తగ్గాయన్న కథ దాంతో పొసగదు. గొల్లకురుమల మీదో లంబాడాల మీదో ఈ ముద్ర వేయకండి.

దేవరకొండ_కౌన్సెలర్

మేనరికం ఉన్న ఇల్లు అయితే చార్టు ఎట్ల గీయాలె? తల్లి దిక్కు, తండ్రి దిక్కు ఒకే ముత్తాత వస్తడు.

చార్టు_గీసేటోళ్లు

మగకు చతురస్రం, ఆడకు వృత్తం, మేనరికపు జంట మధ్య రెండు గీతలు. ముత్తాతను రెండుసార్లు గీయొద్దు, పైన ఒక్కసారే గీసి రెండు దిక్కులా కిందికి దించండి. లేకపోతే ఒకే మనిషి ఇద్దరుగా లెక్కకు వస్తడు. లక్షణాలు ఉన్నట్టు చెప్పినవాళ్లకు సగం నింపండి, డాక్టర్ నిర్ధారించినవాళ్లకే పూర్తిగా. ఎవరు చెప్పారో పక్కన రాయండి: అమ్మమ్మ చెప్పింది నీలం పెన్నుతో, నాయనమ్మ చెప్పింది నల్ల పెన్నుతో. ఇద్దరి మాటా ఒకే పెన్నుతో కలిస్తే తర్వాత విడదీయడం మీ వల్ల కాదు.