పక్క మార్చడం మీద ఆర్టికల్స్ ఎలా వెతకాలండీ?

అమలాపురం_అమ్మాయి:
బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్ అండి. మంచాన పడ్డవాళ్లకి రెండు గంటలకోసారి పక్క మారిస్తే పుండ్లు తక్కువ పడతాయా, నాలుగు గంటలకోసారైనా సరిపోతుందా అన్నది నా ప్రశ్న. ఆ వాక్యం మొత్తం ఇంగ్లీషులో పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్) కొడితే ఒక్కటీ రాలేదు, ఉట్టి బెడ్‌సోర్ అని కొడితే వేలల్లో వచ్చిపడ్డాయి. మేడం సోమవారానికి పది పేపర్లు తెమ్మన్నారు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చెప్పరూ.

భీమవరం_సిస్టర్:
వాక్యాలు కొట్టకమ్మా చెల్లీ. క్లాసులో పికో చెప్పే ఉంటారుగా, ఎవరికి, ఏం చేస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏం తేలాలి అని. నాలుగూ కాగితం మీద రాసుకో గానీ వెతికేటప్పుడు రెండు చాలు, పుండు ఒకటి, పక్క మార్చడం ఒకటి. పుండుకున్న పేర్లన్నీ, ప్రెషర్ అల్సర్, ప్రెషర్ ఇంజురీ, బెడ్‌సోర్, డెక్యుబిటస్, మధ్యలో ఆర్ (OR) పెట్టి రాయి. 2016లో అమెరికా నిపుణుల సంస్థ అల్సర్ మాట తీసేసి ఇంజురీ అనమంది, ఒక్క పేరే పట్టుకుంటే కొన్ని జారిపోతాయి. అలాగే రిపొజిషనింగ్, టర్నింగ్. ఈ రెండు గుంపుల మధ్య యాండ్ (AND). ఆర్, యాండ్ క్యాపిటల్స్‌లోనే.

అమలాపురం_అమ్మాయి:
అక్కా, ఇప్పుడు లక్షల్లో వచ్చాయి 😭 ఎలుకలేవో గుండ్రంగా తిరుగుతున్నాయి.

కాకినాడ_ఎమ్మెస్సీ:
బ్రాకెట్లు మర్చిపోయుంటారు. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా చదువుకుంటూ పోతుంది, చివర్న ఆర్ టర్నింగ్ అని ఉంటే తిరిగే ప్రతిదాన్నీ తెచ్చి పోస్తుంది. ఒక్కో గుంపు చుట్టూ బ్రాకెట్లు పెట్టండి. ఇంకోటి, బెడ్‌సోర్ అంటే ప్రెషర్ అల్సర్ అనే మెష్ పదాన్ని, అంటే పేపర్లకి విషయాన్ని బట్టి పెట్టే స్థిరమైన పేరుని, అదే కలుపుకుంటుంది, కొటేషన్ గుర్తులు పెట్టామా, ఆ కలుపుకోవడం ఆగిపోతుంది. ఇది తెలియక థీసిస్‌లో నెల రోజులు తిప్పలు పడ్డాను లెండి. నర్సింగ్ పేపర్ల డేటాబేస్ సినాల్‌కి మాత్రం చందా కావాలి, మీ లైబ్రరీలో అడగండి. పరిశోధనలన్నీ కలిపి తూచి చెప్పే కోక్రేన్ సంస్థలో సరిగ్గా ఈ ప్రశ్న మీదే సమీక్ష ఉంది, 2014లో వచ్చింది, 2020లో మళ్లీ సవరించారు. ఎన్ని గంటలకి మార్చాలో గట్టిగా చెప్పేంత ఆధారం లేదనే తేల్చారు. దాని చివర ఉన్న పేపర్ల పట్టీ పట్టుకుంటే మీ పదిలో చాలావరకు అయిపోతాయి.

భీమవరం_సిస్టర్:
ఆ పేపర్లు చదివేటప్పుడు పరుపు ఏంటో చూడు చెల్లీ. 2013లో అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో చేసినదాంట్లో రెండు, మూడు, నాలుగు గంటలకి పెద్ద తేడా రాలేదు, కానీ వాళ్లందర్నీ పడుకోబెట్టింది మంచి ఫోమ్ పరుపుల మీద.

అమలాపురం_అమ్మాయి:
బ్రాకెట్లు పెట్టానండీ, ఎలుకలు పోయాయి! మా తాతయ్య ఏడాది పడుకున్నది కొబ్బరి పీచు పరుపు మీద. ఇప్పుడు కాయిర్ అని కూడా కలిపి కొడుతున్నా.