పాపకి 'లీ' అక్షరం వచ్చింది, నార్వే పాత పేరు పెడదామనుకుంటున్నాం, అసలు అర్థాలు తెలిసినవాళ్ళు చెప్పరూ

స్టావంగర్_కోడలు:
అందరికీ నమస్తే. మేం నార్వేలో స్టావంగర్ దగ్గర ఉంటాం. పాప పుట్టి నాలుగు నెలలు దాటింది, భరణి ఒకటో పాదం కాబట్టి 'లీ' వచ్చింది. బారసాలకి బియ్యంలో లీలావతి అని రాశాం, అది మా అత్తగారి అమ్మగారి పేరు, అక్కడిదాకా అందరూ హ్యాపీ. ఇక్కడేమో పిల్లల పేర్లు రిజిస్టర్ చేసేది ట్యాక్స్ ఆఫీసు (నిజం!), ఆరు నెలల్లోపు పంపేయాలి. మావారు, పాప ఎలాగూ ఇక్కడే పెరుగుతుంది కదా ముందు ఇక్కడి పాత పేరు ఒకటి పెట్టి లీలావతిని మధ్యలో ఉంచుదాం అంటున్నారు. సరే అని నెట్‌లో వైకింగ్ పేర్లు కొడితే ఒక్కో సైటుది ఒక్కో మాట. ఆస్ట్రిడ్ అంటే ఒకచోట నక్షత్రం, ఇంకోచోట దేవుడి అందం. లివ్ అంటే ఒకచోట ప్రాణం, ఇంకోచోట రక్షణ. ఫ్రేయా అంటే ప్రేమట. ఏది నమ్మాలి? ఊళ్ళో మామ్మలకి నోరు తిరిగే పేరైతే ఇంకా మంచిది.

మాటల_పిచ్చోడు:
కంగ్రాట్స్ అమ్మా. ముందు ఆస్ట్రిడ్ సంగతి. నక్షత్రం అన్నవాడెవడో లాటిన్ మాట చూసి కథ అల్లేశాడు. అందులో ముందు ముక్క 'ఆస్', అంటే దేవుడు, వెనక ముక్క 'ఫ్రీద్', అంటే అందమైన, ప్రియమైన. సిగ్రిడ్, ఇంగ్రిడ్ చివర ఉన్నదీ ఆ ముక్కే, ముందున్న ఫకారాన్ని మింగేశారు అంతే. సిగ్ అంటే గెలుపు, ఇంగ్ అంటే ఫ్రేయర్ అనే దేవుడికి ఇంకో పేరు. ఇక ఫ్రేయా ప్రేమదేవత కరెక్టే గానీ ఆ మాటకి అర్థం ప్రేమ కాదు, 'దొరసాని' అని. జర్మన్లో ఫ్రౌ అంటారు చూడండి, దానికి చుట్టం.

సైట్లు చేసే అసలు పొరపాటు ఏంటంటే రెండు ముక్కలూ కలిపి ఒక వాక్యం చేసేస్తాయి. గున్‌హిల్డ్ అనే పేరు తీసుకోండి, గున్ అంటే యుద్ధం, హిల్డ్ అన్నా యుద్ధమే. యుద్ధయుద్ధం అని ఎవరైనా కూతురికి పెడతారా? ఆ రోజుల్లో అర్థం కలుస్తుందా లేదా అని చూసుకునేవాళ్ళు కాదు, తండ్రి పేర్లోంచి ఒక ముక్క, తాత పేర్లోంచి ఒక ముక్క అందుకుని పిల్లకి అతికించేవాళ్ళు. మన ఇళ్ళల్లో ఒకే తల్లి పిల్లలు వెంకటరమణ, వెంకటలక్ష్మి, వెంకటసుబ్బయ్య అని ఉండరూ, అచ్చం అలాగే. పోయిన తాత పేరు మనవడికి పెట్టడం కూడా వాళ్ళకి బాగా ఉంది.

ఒక్క దగ్గర మాత్రం మనకి పూర్తిగా ఉల్టా. మనం దేవుడి పేరు ఉన్నదున్నట్టు పెట్టేస్తాం, వెంకటేశ్వర్లు, శివ, లక్ష్మి. వైకింగుల కాలంలో మనిషికి ఉత్త థోర్ అనో ఓడిన్ అనో పెట్టేవాళ్ళు కాదు, తోక తగిలించాల్సిందే. థోర్‌స్టెయిన్ అంటే థోర్ ప్లస్ రాయి, థోర్‌బ్యోర్న్ అంటే థోర్ ప్లస్ ఎలుగుబంటి. ఇప్పుడు నార్వేలో బుల్లి ఓడిన్‌లు తిరుగుతున్నారంటే అది ఈ కాలపు ఫ్యాషనే.

మీ అక్షరానికి లివ్ బాగా కుదురుతుంది. పాత రూపం 'హ్లీవ్', కాపు, రక్షణ అని అర్థం, ముందున్న హకారం రాలిపోయింది. ఇప్పటి నార్వే భాషలో ప్రాణానికీ ఇదే మాట కాబట్టి ఇక్కడివాళ్ళ చెవికి ప్రాణం అనే వినపడుతుంది. అంటే రెండు సైట్లూ కరెక్టే. వాళ్ళ పురాణంలో ప్రళయం లాంటిది ఒకటి వస్తుంది, రాగ్నరోక్ అంటారు, దాని తర్వాత మిగిలే మనుషులు ఇద్దరే, ఒక అడవిలో దాక్కుని పొద్దుటి మంచు తాగి బతుకుతారు, ఆ ఆడమనిషి పేరు లీఫ్, అంటే ప్రాణం. ఇంకో మాట, పలికేది లివ్ కాదు 'లీవ్', దీర్ఘం ఉంది. మీ పంతులుగారు కూడా ఒప్పుకుంటారు.

డెన్మార్క్_దోస్త్:
నేను కోపెన్‌హాగన్ల ఉంట అక్కా, మాది నిజామాబాద్. అర్థం కంటే ముందు మనోళ్ళ చెవికి ఎట్ల వినపడతదో చూస్కోండ్రి. మా ఆఫీసుల ఒకామె పేరు నన్న. ఆమె ఉన్నప్పుడే మా బాపు వీడియోకాల్ చేసిండు, పక్కకెల్లి ఎవరో 'నన్నా' అని పిలిచిన్రు, బాపు 'ఆ, చెప్పు బిడ్డా' అన్నడు 😂 నన్న అంటే వాళ్ళ పురాణంల బాల్డర్ అనే దేవుని భార్య, మొగడు సచ్చిపోతే గుండె పగిలి పాణం ఇడుస్తది, ఇద్దరినీ ఒక్క చితి మీదనే పెడతరు. ఐస్‌లాండ్ల అమ్మ అంటే నానమ్మ, అమ్మమ్మ అన్నట్టు, అది ఇంకో లొల్లి.

సివ్ అనే పేరు కూడా ఉంది, థోర్ భార్య సిఫ్ పేరే అది, బంగారు జుట్టు ఆమెది, మన ఇంట్ల పిలిస్తే శివుడే. ఇంగ రండి అనే పేరు జోలికి మాత్రం పోకుండ్రి. అది రాగ్న్‌ఫ్రిడ్ అనే పెద్ద పేరుకు ముద్దుపేరు, మంచిదే, తెలుగుల మర్యాదగ పిలిచినట్టే ఉంటది, కానీ హిందీ తెలిసినోళ్ళ ముంగట పిల్ల బతుకు ఆగం అయితది.

గోదారి_గట్టు:
లీలావతి అంత చక్కటి పేరు ఉండగా ఈ గొడవంతా ఎందుకండీ. పెద్దావిడ పేరుని మధ్యలోకి తోసేస్తే రేపు స్కూల్లో దాన్ని ఎవరు పిలుస్తారు? మనది కాని పేరు మనకెందుకు.

మాటల_పిచ్చోడు:
@గోదారి_గట్టు మీ బాధ అర్థమైంది, కానీ ఇదే ప్రశ్న నార్వే రాజే అడిగాడండోయ్. ఓలావ్ హరాల్డ్‌సన్ అనే రాజుకి ఒక రాత్రి కొడుకు పుట్టాడు, పసివాడిలో ఊపిరి ఆడీ ఆడనట్టుంది, బాప్టిజం ఇవ్వకుండా పోతాడేమో అని కంగారు, రాజుని నిద్ర లేపే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. సిగ్వాట్ అనే ఆస్థాన కవి తనే చొరవ చేసి మాగ్నుస్ అని పెట్టించేశాడు. తెల్లారి రాజు మండిపడ్డాడు, ఇది మా వంశంలో లేని పేరు, ఎందుకు పెట్టావయ్యా అని. కార్లమాగ్నుస్ చక్రవర్తి పేరండీ, లోకంలో అంతటి మనిషి లేడని పెట్టాను అన్నాడు కవి. మాగ్నుస్ అంటే లాటిన్లో గొప్ప అని, అసలు వాళ్ళ భాషే కాదు. ఆ పిల్లాడే 1035 నుంచి 1047 దాకా నార్వేని ఏలాడు, తర్వాత ఆ పేరుతో ఇంకొందరు రాజులు కూడా వచ్చారు. ఇప్పుడు మాగ్నుస్ నార్వే పేరు కాదు అంటే అక్కడ నవ్వుతారు.

స్టావంగర్_కోడలు:
అందరికీ థాంక్యూ అండీ, నన్న కథ మావారికి చదివి వినిపిస్తే నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. లీవ్ లీలావతి అని ఫిక్స్ అయ్యి నిన్న రాత్రి అత్తగారికి ఫోన్ చేసి చెప్పాం. ఆవిడ ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత 'లీవేంటే, పిల్లకి సెలవు అని పెడతారా ఎవరైనా' అన్నారు. మాకు తట్టనే లేదు! మావారు ఫామ్ ఇంకా పంపలేదు, రెండు నెలలు టైముంది కదా అంటున్నారు. అత్తగారు మాత్రం పొద్దున్న మళ్ళీ ఫోన్ చేసి 'ఏదే మా లీవమ్మ, లేచిందా' అని అడిగారు.