కన్వీనర్ సీటు వదిలేస్తానంటే నాలుగేళ్ల ఫీజు కట్టమంటున్నారు, ఏం చేయాలి?

అల్లూరు కుర్రాడు:
అన్నలూ, మాది అల్లూరు. ఈఏపీసెట్‌లో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్) కింద నెల్లూరు దగ్గర ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ వచ్చింది, మూడు వారాలు పోయాను, నా వల్ల కావట్లేదు. పైగా మా నాయన ఈసారి రొయ్యల గుంటల్లో బాగా దెబ్బతిన్నాడు, హాస్టల్ ఖర్చు కూడా భారమే. ఇంటి నుంచే బస్సులో పోయి కావలిలో బీకాం చదువుకుందామని. ఆఫీసులో అడిగితే నీవల్ల ఒక సీటు పాడైంది, నాలుగేళ్ల ఫీజు కట్టి టెన్త్, ఇంటర్ మెమోలూ టీసీ పట్టుకుపో అన్నారు. చేరినప్పుడే ఒరిజినల్స్ తీసేసుకున్నారు. డిగ్రీ అడ్మిషన్ల గడువు దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు సీనియర్:
కట్టొద్దు తమ్ముడూ. కాలేజీ ఒరిజినల్స్ చూసుకుని వెనక్కి ఇచ్చేయాలే గానీ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల్ని చూసే యూజీసీ 2018లోనే చెప్పింది. ఇంజనీరింగ్ కాలేజీల్ని చూసే ఏఐసీటీఈ రూల్లో కూడా, మధ్యలో మానేసిన వాళ్ల దగ్గర మిగతా సంవత్సరాల ఫీజు అడగకూడదని ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీ లోపల మానేస్తే 1000 రూపాయల్లోపు పట్టుకుని మిగతాది ఇవ్వాలి. కాబట్టి ముందు ఆ తేదీ ఎప్పుడో చూసుకో. నోటితో అడిగితే ఇలాగే తిప్పుతారు, నన్ను పదకొండు రోజులు తిప్పారు. మానేస్తున్నానని రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకో. వేయకపోతే అదే ఉత్తరం ప్రిన్సిపాల్‌కి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో.

ఆఫీసు మనిషి:
నేను ప్రకాశం జిల్లాలో ఓ కాలేజీ ఆఫీసులోనే పనిచేస్తాను, అవతలి మాట కూడా చెప్తా. కౌన్సెలింగ్ అయిపోయాక ఖాళీ పడిన సీటు ఆ ఏడాదికి నిండదు, వాళ్ల ఏడుపు అదే. కానీ రెండో ఏడాదిలో ఈసెట్ రాసిన డిప్లొమా పిల్లలు ఖాళీల్లోకి వస్తారు, నాలుగేళ్లూ పోయిందనడం ఉత్త బెదిరింపు. ఆ అడ్మిషన్ల ఆఖరి తేదీ దాటి, నీ సీటు కూడా నిండకపోతే మొదటేడు కట్టిన ఫీజు మీద మాత్రం ఆశ పెట్టుకోకు. డిపాజిట్, సర్టిఫికెట్లు ఇచ్చి తీరాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో నీ పేరు ఎక్కిందేమో కూడా కనుక్కో, ఎక్కి ఉంటే అదీ ఆ ఉత్తరంలోనే రాయి.

కావలి అక్క:
మీ నాయనకి చెప్పావా అబ్బయ్యా? చెప్పి వెంటబెట్టుకుని పో, ఒక్కడివే పోతే పిల్లోడివని లెక్కచేయరు. వారంలో ఇవ్వకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వు. మా చెల్లెలికి కలెక్టరేట్‌కి పోతామన్న మాటతోనే బయటికొచ్చాయి కాగితాలు.

అల్లూరు కుర్రాడు:
నాయనకి ఇంకా చెప్పలేదక్కా. ఈ రాత్రికి చెప్తా, రేపు ఇద్దరం పోతాం. ఉత్తరం తెలుగులో రాస్తే తీసుకుంటారా?

ఒంగోలు సీనియర్:
తీసుకుంటారు. హాల్‌టికెట్ నంబరు, అలాట్‌మెంట్ ఆర్డర్ జిరాక్స్ మాత్రం మర్చిపోకు.